కట్ట మీద అరగంట

ఆఫీసు టెన్షన్ దించుకుందామని పోయిన వేసవిలో ఇంటిల్లిపాదీ కారులో విశాఖ వెళ్లి వచ్చాం. అక్కడ తిరిగింది కూడా కలిపితే వెయ్యి కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన సుమారు 67 లీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే మా ఒక్క కారు గాలిలో వదిలింది 150 కిలోల పైమాటే. 25 కిలోల బియ్యం బస్తాలు ఆరు పేర్చినంత బరువు. పోసిన పెట్రోలు బరువేమో 50 కిలోలే. కాలేటప్పుడు అందులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, మిగతా బరువు దానిదే.

సముద్రం బాగుంది, కాదనను. పిల్లలు ఇప్పటికీ ఆ ముచ్చట్లే చెప్పుకుంటారు. కానీ సోమవారం డ్యూటీలో చేరితే గురువారం రాత్రికి నిద్ర పట్టని బాధ మళ్లీ మొదటికొచ్చింది. ఇది నా ఒక్కడి సంగతే అనుకున్నాను. కాదట. సెలవుల మీద జరిగిన పరిశోధనల్లో తరచూ తేలిన విషయం ఇదే. ప్రయాణంలో దొరికిన హాయి తిరిగొచ్చిన కొద్ది వారాల్లోనే, ఒక్కోసారి మొదటి వారంలోనే కరిగిపోతుంది. విశ్రాంతి వడ్లలాగా గుమ్మిలో పోసి దాచుకునేది కాదు.

ఎందుకంటే టెన్షన్ రోజూ పుడుతుంది. దారిలో పాము కనబడినా, ఆఫీసులో పై అధికారి గొంతు పెంచినా ఒంట్లో మోగే గంట ఒకటే. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు ముందు అడ్రినలిన్, ఆ వెనుక కార్టిసాల్ అనే, ఒంటిని అప్రమత్తం చేసే హార్మోన్లను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. పాము వెళ్లిపోతే ఆ గంట ఆగుతుంది. ఆఫీసు మాత్రం ఫోన్‌లో మన వెంటే ఇంటికి వస్తుంది. పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి రాత్రికి బాగా తగ్గాల్సిన కార్టిసాల్‌కు ఆ లయ తప్పే అవకాశం ఉంటుంది.

దీన్ని దించడానికి ఎంతసేపు కావాలి? అమెరికాలో 2019లో అచ్చయిన ఒక పరిశోధన ఈ ప్రశ్నతోనే మొదలైంది. పట్నవాసులు 36 మంది ఎనిమిది వారాల పాటు, వారానికి మూడుసార్లు, తమకు నచ్చిన పచ్చని చోట కనీసం పది నిమిషాలు గడిపారు. ఊరికే కూర్చోవచ్చు, నడవవచ్చు. ఫోన్, పుస్తకం, కబుర్లు మాత్రం వద్దన్నారు. ముందూ తర్వాతా ఉమ్మిలో కార్టిసాల్ కొలిచారు. గడిపిన సమయానికి తగ్గట్టు అది బాగా తగ్గింది 20 నుంచి 30 నిమిషాల మధ్య. ఆ తర్వాత ఇంకా తగ్గింది గానీ, అంత వేగంగా కాదు.

అరగంట! అది చదివాకే నేను సాయంత్రం ఇంటికి పోయే ముందు భద్రకాళి చెరువు కట్ట ఎక్కడం మొదలుపెట్టాను. కాకతీయులు పొలాలకు నీళ్ల కోసం ఈ ప్రాంతమంతా చెరువులు తవ్వించారు. ఆ పుణ్యమా అని ఓరుగల్లు మనిషికి కట్ట ఎప్పుడూ దగ్గరే. అక్కడ చేసే పనేమీ లేదు. నీటి మీద అలలు, ఆకుల కదలిక, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. ఇవి చూపును పట్టుకుంటాయి గానీ అలసట పెట్టవు. పనిలో మనం బలవంతంగా నిలబెట్టే ఏకాగ్రత వేరు, తనంతట తాను నిలిచే ఈ ధ్యాస వేరని స్టీఫెన్ కాప్లన్, రేచెల్ కాప్లన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు. రెండోది నడుస్తున్నంతసేపు మొదటిది సేద తీరుతుందని వాళ్ల సిద్ధాంతం.

కూర్చున్నప్పుడు ఊపిరి కూడా నెమ్మది చేయండి. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నాడి చేసే పని ఇది. నిమిషానికి ఆరుసార్లు, వదిలే ఊపిరి పొడవుగా ఉండేలా తీస్తే ఆ నాడి పట్టు పెరుగుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, పొగ లేదు.

ఆదివారం కుదిరితే పాకాల పోవచ్చు, ఆర్టీసీ బస్సులో నర్సంపేట దాకా, అక్కడి నుంచి ఆటోలో. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, చుట్టూ అడవి. సద్ది స్టీలు డబ్బాలో కట్టుకుపోండి, ప్లాస్టిక్ కవర్లు అక్కడికి తీసుకుపోవద్దని గట్టిగా చెబుతున్నాను. రెండు మూడు రోజులు కాకుండా వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి, అది చెరువుతో పోయేది కాదు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది ఊళ్లో మా అమ్మ చేసే పని. ఎండాకాలం పొద్దు గూకే వేళ వాకిట్లో నీళ్లు చల్లి నులక మంచం వాలుస్తుంది. లీటరు నీళ్లు ఆవిరై పోవడానికి పట్టే వేడి, అదే నీటిని మామూలు చల్లదనం నుంచి మరిగే దాకా కాచడానికి పట్టే వేడికి దాదాపు ఎనిమిది రెట్లు. అదంతా నేల నుంచి, నేలను ఆనుకున్న గాలి నుంచి పోతుంది. ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో ఈ చల్లదనం తెలుస్తుంది, వానాకాలపు చెమ్మలో తెలియదు. నులక సందుల్లోంచి గాలి ఆడటంతో వీపు వేడి కూడా పోతుంది. లోపలి వేడి కొంచెం దిగితేనే ఒళ్లు నిద్రకు సిద్ధమవుతుంది.

తడిసిన మట్టి వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది. గాలిలో లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మనిషి ముక్కు పసిగడుతుంది. ఆ వాసన లేచే వేళకు అమ్మ తలగడ తెచ్చి వేస్తుంది. “జరసేపు ఒరుగు బిడ్డా, అన్నం అయినంక లేపుతా” అంటుంది. చాలాసార్లు లేపాల్సే వస్తుంది.