0891లోని సున్నా ఎక్కడికి పోతుంది?

విశాఖపట్నం ఎస్‌టీడీ కోడ్ 0891ని ప్రోగ్రాములో పూర్ణసంఖ్యగా, అంటే ఇంటిజర్‌గా రాస్తే, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సి భాష కంపైలర్ తప్పు చూపి ఆగిపోతుంది. పైథాన్ 3 భాష కూడా ఒప్పుకోదు. ఎక్సెల్ మాత్రం మారు మాట్లాడకుండా సున్నాను తీసేసి 891 అని నమోదు చేసుకుంటుంది. ఈ పేచీకి మూలం యాభై ఏళ్లు దాటిన ఒక అలవాటులో ఉంది.

1969లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రూపుదిద్దుకున్న పీడీపీ-7 కంప్యూటర్‌లో ఒక్కో వర్డ్‌కు, అంటే యంత్రం ఒకేసారి పట్టుకునే సమాచారానికి, 18 బిట్లు (0 లేదా 1 ఉండే స్థానాలు) ఉండేవి. మూడేసి బిట్లకు ఒక అంకె చొప్పున రాస్తే అవి సరిగ్గా ఆరు అంకెల్లో ఇమిడిపోతాయి కాబట్టి, ఎనిమిది ఆధారంగా లెక్కించే ఆక్టల్ పద్ధతి అప్పటి ప్రోగ్రామర్లకు అనువుగా ఉండేది. కెన్ థాంప్సన్ రూపొందించిన బి భాషలో సున్నాతో మొదలైన సంఖ్యను ఆక్టల్‌గా చదివేవారు. డెన్నిస్ రిచీ సి భాషకూ అదే ఆనవాయితీ వచ్చింది. ఆక్టల్‌లో 8, 9 అంకెలకు చోటు లేకపోయినా, 1978లో వెలువడిన సి వివరణ వాటిని కూడా అనుమతించింది. ఆ లెక్కన 0891 విలువ 8×64, 9×8, 1 కలిపి 585 అవుతుంది. 1989 నాటి ప్రమాణం ఈ వెసులుబాటును తొలగించింది. అందుకే మన కోడ్ దగ్గర నేటి కంపైలర్ మొరాయిస్తుంది, అది మన అదృష్టమే. హైదరాబాద్ కోడ్ 040లో 8 గాని 9 గాని లేవు కనుక, సి దానిని నిరభ్యంతరంగా 32 అని చదువుకుంటుంది. పైథాన్ కూడా 2008లో మూడో వెర్షన్ వచ్చేదాకా అలాగే చదివేది.

రెండో చిక్కు పరిమాణానిది. మన కాలేజీల ల్యాబుల్లో చాలాకాలం రాజ్యమేలిన టర్బో సి అనే కంపైలర్‌లో ఇంటిజర్‌కు 16 బిట్లే ఉండేవి. 32,767 దాటిన విలువ అందులో పట్టదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పిన్ కోడ్ 530003ను అలాంటి చరరాశిలో వేస్తే పై బిట్లు రాలిపోయి 5715 మిగులుతుంది. 32 బిట్ల కాలం వచ్చినా మొబైల్ నంబరు కష్టం తీరలేదు: ప్లస్, మైనస్ గుర్తుకు చోటివ్వని (అన్‌సైన్డ్) 32 బిట్ల ఇంటిజర్ 429 కోట్ల 49 లక్షల పైచిలుకు దగ్గర ఆగిపోతుంది, మన పదంకెల నంబర్లేమో 600 కోట్ల పైనుంచే మొదలవుతాయి.

64 బిట్లతో ఇది సర్దుకున్నా, విలువను వేరే రూపంలోకి మార్చి పంపినప్పుడు మరో హద్దు అడ్డువచ్చింది. 1995లో వచ్చిన జావాస్క్రిప్ట్ భాష అన్ని సంఖ్యలనూ, భిన్నాలకూ చోటుండే 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలోనే ఉంచేది. అందులో వరుస తప్పకుండా నిలిచే పూర్ణసంఖ్యలు 9007199254740992 వరకే. పన్నెండంకెల ఆధార్ నంబరుకు ఇబ్బంది లేదు గానీ, ట్విటర్ 2010లో పెద్ద గుర్తింపు సంఖ్యలకు మారినప్పుడు, ప్రోగ్రాముల మధ్య సమాచారాన్ని పంపే జేసన్ రూపంలో అదే సంఖ్యను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా కూడా పంపవలసి వచ్చింది. ఎక్సెల్ నిలుపుకొనేది 15 అంకెలనే కనుక, పదహారంకెల కార్డు నంబరును సంఖ్యగా టైపు చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది.

పోయిన సున్నాను తిరిగి తేవచ్చు కదా అని సి భాషలో విలువలను ముద్రించే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌తో నాలుగు స్థానాలు వచ్చేలా ముందు సున్నాలు నింపేవారున్నారు. 891 మళ్లీ 0891 అవుతుంది, నిజమే. అదే వరుసలో హైదరాబాద్ 40 కాస్తా 0040 అవుతుంది, శ్రీకాకుళం 8942 ముందు సున్నాయే చేరదు. ఎస్‌టీడీ కోడ్‌లన్నిటికీ ముందుండేది ఒక్క సున్నాయే కాబట్టి దానిని నేరుగా అతికించి గట్టెక్కవచ్చు. బ్యాంకు ఖాతా నంబరుకు ఆ వీలు లేదు: ముందు ఎన్ని సున్నాలుండేవో ఇంటిజర్‌గా మారిన క్షణంలోనే చెరిగిపోతుంది. అందువల్ల కూడికలు, తీసివేతలు చేయని నంబర్లకు డేటాబేసులో మొదటినుంచే టెక్స్ట్ రకం కాలమ్ కేటాయిస్తారు.