జనవరి ఒకటిన పుట్టిన అవ్వలు

పింఛన్ల జాబితా సరిచూసే పని మొదలైతే చాలు, వరంగల్, జనగామ, ములుగు పల్లెల్లో పాత పేచీ మళ్లీ లేస్తుంది. అవ్వ వయసెంత? కార్డు చెప్పినంతా, ఒళ్లు చెప్పినంతా? తెలంగాణలో ఆసరా పింఛన్లు మొదలైన 2014లో మామూలు వృద్ధులకు 65 ఏళ్ల హద్దు పెట్టారని, 2022 ఆగస్టు నుంచి దాన్ని 57కు దించారని అందరికీ ఎరుకే. కానీ ముడి పడింది అక్కడ కాదు, అంతకు ముందే, ఆధార్ నమోదు బల్ల దగ్గర.

ఆ ఫారంలో పుట్టిన తేదీకి మూడు దారులున్నాయి: కాగితం చూపడం, తేదీ నోటితో చెప్పడం, రెండూ లేకుంటే ఉజ్జాయింపు వయసు. బడి ముఖం చూడనివాళ్లకు మిగిలింది మూడోదే. ‘ఎన్నేండ్లవ్వా?’ అంటే ‘యాభయ్యో అరవయ్యో, రాస్కో బిడ్డా’. అంకె కొట్టగానే కంప్యూటర్ సంవత్సరాన్ని లెక్కగట్టి ముందు 01-01 తగిలించింది. మన పల్లెల్లో ఇంతమంది ముసలివాళ్లు జనవరి ఒకటినే పుట్టడం వెనుక కథ ఇదే.

వయసు 0, 5 అంకెల దగ్గర కుప్పపడటం జనాభా శాస్త్రానికి కొత్త కాదు. 23 నుంచి 62 ఏళ్ల వారిలో ఈ రెండంకెలతో ముగిసే వయసులు ఎన్నో చూసి విపిల్ సూచీ కడతారు. కుప్ప లేకపోతే 100, అందరూ అక్కడే ఉంటే 500.

విరుగుడు కూడా పాతదే: ఘటనల క్యాలెండర్. వయసెంతని అడగరు. ‘పోలీస్ యాక్షన్ నాటికి సంకల ఉన్నవా, నడుస్తున్నవా? 69 లొల్లినాటికి ఎందరు పిల్లలు?’ అని అడుగుతారు. మొదటిది 1948 సెప్టెంబర్ 13-17, తేదీలతో సహా ఖాయం. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర మాత్రం ఒంటరిగా అక్కరకు రాదు, ఏ జాతరో తేలదు. చిక్కు మరొకటుంది. అమ్మ చెప్పగా విన్నది, కళ్లారా చూసింది జ్ఞాపకంలో కలిసిపోతాయి. మూడేళ్ల లోపు సంగతులు సాధారణంగా గుర్తుండవు. అందుకే ఆనాడు తనను సంకనేసుకుని తీసుకుపోయింది ఎవరో, ఏ ఇంట్లో దాగారో తరచి అడగాలి.

ఉదాహరణకు ఒక అవ్వ ఆధార్‌లో 01-01-1958 ఉందనుకుందాం. పోలీస్ యాక్షన్ నాటికి తల్లి సంకలో ఉన్నానంటుంది. పాత ఓటరు కార్డులో ‘1-1-1995 నాటికి 48’ అని ఉంది. పెద్దకొడుకు పదో తరగతి మెమోలో అతను పుట్టిన ఏడు 1965. ఆధార్‌ను నమ్మితే ఏడేళ్లకే తల్లయినట్టు! అవ్వ మాట, ఓటరు కార్డు 1946-47 దగ్గర కలుస్తున్నాయి, కొడుకు పుట్టిన ఏడూ దానికి పొసుగుతుంది.

ఈ తేడా పింఛనుతో ఆగదు. మందుల మోతాదు కోసం మూత్రపిండాల పనితీరును కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో లెక్కిస్తే 140లోంచి వయసు తీసేయాలి. 45 కిలోల బరువు, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం 1.0 ఉన్న స్త్రీకి వయసు 62 అనుకుంటే వడపోత నిమిషానికి 41 మిల్లీలీటర్లు వస్తుంది, 74 అయితే 35. మతిమరుపు పరీక్షల మార్కులనూ వయసును బట్టే బేరీజు వేస్తారు. అదే ఒంటి సత్తువకు కార్డుతో పనిలేదు. ఆసియా నిపుణుల 2019 ప్రమాణాల్లో పిడికిలి బలం మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల లోపుంటే తక్కువ. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ సన్నగిల్లిందేమో చూడాలి. దేశంలో 45 దాటిన వారిపై, వారి జీవిత భాగస్వాములపై 2017-18లో మొదలైన లాసీ అనే వృద్ధాప్య సర్వే 72,250 మందిని పలకరించింది. అదీ వయసు రాసుకుని ఊరుకోలేదు, పిడికిలి బిగింపించి, నాలుగు మీటర్లు నడిపించి చూసింది.

లేని వయసు రాయించుకున్నవాళ్లూ ఉన్నారని అధికారులంటారు. ఉన్నారు. ఎక్స్‌రే తీయిస్తే అసలు వయసు తేలిపోతుందనడం మాత్రం దండగ. ఎముకలు అతుక్కునే వరస పాతికేళ్లకే ముగుస్తుంది, ఆపైన 57కూ 65కూ తేడా చెప్పదు.

పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో చెప్పింది. ఆ కేసులో బడి సర్టిఫికెట్‌కే మొగ్గింది. బడి మెట్టెక్కని అవ్వకు అది ఎక్కడిది? ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోవచ్చు, దానికీ కాగితం కావాలి. ఆమె సంచిలోని బ్యాంకు పుస్తకం, ఉపాధి కార్డుల్లో వయసు ఆధార్ చూసి ఎక్కించిందే అయితే అవేం సాక్ష్యం? అంతకంటే పాతది ఆ ఓటరు కార్డొక్కటే, అదీ చిరిగి అంకెలు చెరిగిపోకుండా ఉంటే.