ఎర్రర్ ట్రాకింగ్ మన సర్వర్‌లోనే పెట్టుకుందామా? అపోహలు - వాస్తవాలు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు చిన్న టీముల్లో క్లౌడ్ బిల్లు మీద చర్చ వచ్చినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది: "ఎర్రర్ ట్రాకింగ్‌కి నెలనెలా డాలర్లు ఎందుకు కట్టాలి? సెంట్రీ కోడ్ బయటే ఉందిగా, మన సర్వర్‌లో ఎక్కించేద్దాం." ఎర్రర్ ట్రాకింగ్ అంటే యాప్‌లో వచ్చే తప్పులను పట్టి ఒకచోట చూపించడం; సెంట్రీ ఆ పని చేసే సాఫ్ట్‌వేర్. సర్వర్ల పని చూసేవాడిగా సెల్ఫ్ హోస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ని సొంత సర్వర్‌లో నడపడం) అంటే నాకు ఇష్టమే. కానీ చర్చ బిల్లు దగ్గరే ఆగిపోతోంది. అందులోకి ఏ డేటా వెళ్తోంది, దాన్ని రోజూ చూసుకునేది ఎవరు? ఈ రెండూ అడగకుండా ఎటు వెళ్లినా తర్వాత ఇబ్బందే.

అపోహ: సెంట్రీ ఓపెన్ సోర్స్.

ఒకప్పుడు అవును. 2008లో పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోకి చిన్న అనుబంధంగా మొదలైన సెంట్రీ, 2019 నవంబర్‌లో బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు వదిలి బిజినెస్ సోర్స్ లైసెన్సుకి మారింది. 2023 నవంబర్ నుంచి ఫంక్షనల్ సోర్స్ లైసెన్సు కింద ఉంది. కోడ్ చదవొచ్చు, మార్చుకోవచ్చు, కంపెనీలో వాడుకోవచ్చు. దానికి పోటీగా సేవ అమ్మకూడదు. ప్రతి వెర్షన్ రెండేళ్ల తర్వాత అపాచీ 2.0 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందకి వస్తుంది. మన దగ్గర సర్వీసెస్ కంపెనీలు ఎక్కువ కాబట్టి ఇదొకటి చెప్పాలి: క్లయింట్ వాడకం కోసం ఇన్‌స్టాల్ చేసి పెట్టడానికి అడ్డంకి లేదు, దాన్నే హోస్ట్ చేసి మీ ఉత్పత్తిగా అమ్మితే అడ్డంకి.

అపోహ: డాకర్ కంపోజ్ (చాలా సర్వీసులను ఒకే కమాండుతో మొదలుపెట్టే టూల్) ఒక్కసారి నడిపితే పని అయిపోయినట్టే.

ఈ నమ్మకం 9.1.2 వెర్షన్ నాటిది. అప్పుడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, తాత్కాలిక డేటా పెట్టే రెడిస్, వెనక పనిచేసే కొన్ని వర్కర్లు ఉంటే చాలు. వెర్షన్ 10తో మొదలై మెసేజీల క్యూ కాఫ్కా, ఈవెంట్లు దాచే డేటాబేస్ క్లిక్‌హౌస్, దాంతో మాట్లాడే స్నూబా, ఎర్రర్లను అందుకునే రిలే, క్రాష్ చిరునామాలను ఫంక్షన్ పేర్లుగా మార్చే సింబాలికేటర్ అన్నీ వచ్చి చేరాయి. ఇప్పుడు అధికారికంగా అడిగే కనీసమే నాలుగు కోర్లు, 16 జీబీ ర్యామ్, దాని మీద మరో 16 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా).

ఎక్కించడం తేలికే. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. కన్స్యూమర్ (కాఫ్కా నుంచి మెసేజీలు చదివే ప్రోగ్రామ్) వెనకబడి, అది చదవకముందే కాఫ్కాలో మెసేజీల గడువు తీరిపోతే ఆఫ్‌సెట్ (ఎక్కడిదాకా చదివిందన్న గుర్తు) తప్పుతుంది. కంటైనర్లన్నీ నడుస్తూనే ఉంటాయి, స్క్రీన్ మీద కొత్త ఎర్రర్లు మాత్రం రావు. ఎర్రర్లు లేవనుకుని టీము సంతోషిస్తుంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఈ మౌనాన్ని ఎవరూ అనుమానించరు. రెండోది డిస్క్. ఈవెంట్ల పూర్తి వివరాలు దాచే నోడ్‌స్టోర్ పోస్ట్‌గ్రెస్‌లో ఉన్న సర్వర్లలో ఆ టేబుల్ పెరుగుతూ పోతుంది. 90 రోజుల గడువు దాటిన వరుసల్ని క్లీనప్ తీసేసినా, ఆ జాగా ఆపరేటింగ్ సిస్టమ్‌కి తిరిగి రాదు. టేబుల్‌ని కుదించడానికి వాక్యూమ్ ఫుల్ చేయాలి, లేదా పీజీ రీప్యాక్ నడపాలి. ఇక అప్‌గ్రేడ్: ప్రతి నెలా 15న కొత్త రిలీజ్ వస్తుంది. ఏడాది పట్టించుకోకుండా ఒకేసారి చివరి వెర్షన్‌కి దూకడం కుదరదు, మధ్యలో తప్పక ఆగి ఎక్కాల్సిన వెర్షన్లు ఉంటాయి.

అందుకే యాప్ ఉన్న సర్వర్‌లోనే ట్రాకర్‌ని పెట్టకండి. యాప్ పడిపోయి ఎర్రర్లు వరదలా వచ్చే గంటలోనే అది కూడా పడిపోతుంది. ప్రాజెక్టు కీ (ఎర్రర్లు పంపడానికి యాప్ వాడే కీ) మీద రేట్ లిమిట్ పెట్టండి, అంటే ఇంత సమయంలో ఇన్నే ఎర్రర్లు అన్న హద్దు. బయటి నుంచి రోజూ ఒక పరీక్ష ఎర్రర్ పంపి, అది స్క్రీన్ దాకా చేరిందో లేదో చూసే చిన్న స్క్రిప్టు రాయండి.

అపోహ: ఉచితం.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టక్కర్లేదు. పైన చెప్పిన పనికి టీములో ఒకరి పేరు రాసుకోవాలి. ఆ పేరు లేకపోతే వద్దు.

అపోహ: మన సర్వర్‌లో ఉంటే డేటా భద్రం, చట్టం కూడా అదే అడుగుతోంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మొత్తం డేటా దేశంలోనే ఉండాలని చెప్పలేదు. ఏ దేశాలకు పంపకూడదో నిర్ణయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. చెల్లింపుల డేటా సంగతి వేరు: 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు దాన్ని భారత్‌లోనే నిల్వ చేయాలంది. సెంట్రీ క్లౌడ్‌లో ఎంచుకోవడానికి ఉన్నవి అమెరికా, యూరప్. కాబట్టి మాదాపూర్‌లో పేమెంట్ యాప్ కడుతున్న టీముకి సెల్ఫ్ హోస్టింగ్ నిజంగానే సరైన దారి కావచ్చు; 2022 నవంబర్ నుంచి అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల సమూహం) కూడా ఉంది.

అయితే చోటు మారినంత మాత్రాన డేటా శుభ్రపడదు. పైథాన్ ఎస్‌డీకే (యాప్‌లో కలిపే సెంట్రీ లైబ్రరీ) మామూలుగానే స్టాక్ ట్రేస్‌తో (ఎర్రర్ ఏ ఫంక్షన్ల గుండా వచ్చిందో చూపే జాబితా) పాటు ఆ ఫంక్షన్లలోని లోకల్ వేరియబుల్స్ విలువలు కూడా పంపుతుంది. పాస్‌వర్డ్, టోకెన్ వంటి పేర్లున్న ఫీల్డులనీ, క్రెడిట్ కార్డు నంబర్లనీ సెంట్రీ తనంతట తానే చెరిపేస్తుంది. ఫోన్ నంబరు, పాన్, యూపీఐ ఐడీ దానికి మామూలు అక్షరాలే. వాటిని యాప్‌లోనే, బిఫోర్ సెండ్ (ఎర్రర్ పంపే ముందు నడిచే ఫంక్షన్) దగ్గర చెరిపెయ్యాలి. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే చట్టం ప్రకారం జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. సర్వర్ మీ సొంతమైతే బాధ్యత మొత్తం మీదే. మొబైల్ యాప్ ఎర్రర్లు పంపే దారి ఒక్కటే ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచండి, లాగిన్ పేజీని వీపీఎన్ వెనక పెట్టండి.

అపోహ: సెంట్రీ వద్దనుకుంటే కోడంతా మార్చాలి.

అక్కర్లేదు. చాలా ఎస్‌డీకేలు ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉన్నాయి, సెంట్రీకి ప్రత్యామ్నాయమైన గ్లిచ్‌టిప్ అదే ఎస్‌డీకేల నుంచి ఎర్రర్లు తీసుకుంటుంది. ఎక్కువ సందర్భాల్లో డీఎస్‌ఎన్ (ఎర్రర్లు ఎక్కడికి పంపాలో చెప్పే చిరునామా) మారిస్తే చాలు. గ్లిచ్‌టిప్‌ది కూడా ఎంఐటీ లైసెన్సే, కాఫ్కా, క్లిక్‌హౌస్ బరువు లేదు. సెషన్ రీప్లే (యూజర్ స్క్రీన్ మీద చేసినదాన్ని మళ్లీ చూపించేది) వంటివి ఉండవు. ఐదారుగురున్న టీము సెల్ఫ్ హోస్ట్ చేస్తానంటే నా ఓటు దీనికే.

ఏది ఎంచుకున్నా, ముందు స్టేజింగ్‌లో (విడుదలకు ముందు పరీక్షించే సర్వర్‌లో) ఒక ఉత్తుత్తి పాన్ నంబరు, ఫోన్ నంబరు పెట్టి కావాలని ఒక ఎర్రర్ తెప్పించండి. ఆ ఈవెంట్ తెరిచి, జేసన్ (ఈవెంట్ ముడి డేటా) మొత్తం చివరి వరుస దాకా చదవండి. అందులో ఆ రెండు నంబర్లు కనిపిస్తే, సర్వర్ ఎక్కడ పెట్టాలన్న మీటింగు వాయిదా వేసి ముందు వాటిని చెరిపే పని చూడండి.