పాత పాట ఎందుకు నిలుస్తుంది: అపోహలు – వాస్తవాలు

విజయనగరం చుట్టుపక్కల పెళ్లిళ్లలో, పండుగ పందిళ్లలో, కళాశాల వార్షికోత్సవాల్లో కచేరీలు చేసే ఆర్కెస్ట్రాలో నేను కీబోర్డు వాయిస్తాను. ఏ వేదిక ఎక్కినా, కోరిన పాటల చీటీలు చేతికందడం మొదలైన కాసేపటికే పాత పాటల గురించి ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పుల్లో కొన్నింటిని మా వృత్తిలో ఉన్నవారు కూడా నమ్ముతారు. వాయించేవాడి వైపు నుంచి చూస్తే వాటిలో నిజమెంతో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆ రోజుల్లో వచ్చిన పాటలన్నీ ఆణిముత్యాలే.

వాస్తవం: ఇప్పుడు మనకు వినిపిస్తున్నవి జల్లెడ పట్టగా మిగిలినవి మాత్రమే. 1950, 60 దశకాల్లో ఒక్కో సినిమాలో ఎనిమిది, పది పాటలుండడం మామూలు విషయం. పౌరాణికమైతే పద్యాలతో కలిపి ఇంకా ఎక్కువ. అప్పట్లో సినిమా హాళ్ల ముందు అమ్మిన పాటల పుస్తకాలు ఇంట్లో ఎక్కడైనా దాగి ఉంటే తిరగేసి చూడండి. పల్లవి చదివినా వరస గుర్తుకురాని పాటలే అందులో ఎక్కువగా ఉంటాయి. మంచి పాటను, మరుగున పడిన పాటను పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడే నిలిచినదానిలో ఏముందో తెలుస్తుంది కాబట్టి, మరుగున పడినవాటిని మరిచిపోయి కాలాన్ని మొత్తంగా పొగడడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

అపోహ: శాస్త్రీయ రాగంలో కట్టిన పాటే కలకాలం నిలుస్తుంది.

వాస్తవం: మా ఊరివారికి ఈ నమ్మకం కాస్త ఎక్కువ, అందుకు కారణమూ ఉంది. 1919లో విజయనగరం సంస్థానాధీశులు స్థాపించిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు, పట్రాయని సీతారామశాస్త్రి శిష్యరికంలో ఘంటసాల ఈ ఊళ్లోనే సంగీతం నేర్చుకున్నారు, పి. సుశీల పుట్టింది ఇక్కడే. ఇంత చరిత్ర ఉన్నచోట పాట గొప్పదనమంతా రాగానిదేనని అనిపించడం సహజం.

అయితే ఒక పాటను విప్పి చూద్దాం. 1957లో వచ్చిన 'మాయాబజార్'లోని 'లాహిరి లాహిరి' పాట మోహన రాగంలో ఉంది. సంగీత దర్శకుడిగా తెరమీద ఘంటసాల పేరున్నా, ఈ బాణీ కట్టింది సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు. మోహనలో ఉన్నవి ఐదు స్వరాలే: షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. కీబోర్డు మీద వీటిని చూస్తే ఏ రెండు స్వరాలూ పక్కపక్క మెట్ల మీద ఉండవు. ప్రతి స్వరానికీ పక్క స్వరానికీ మధ్య కనీసం ఒక మెట్టు ఖాళీ ఉంటుంది. అందువల్ల శిక్షణ లేని గొంతు కాస్త అటూఇటూ అయినా అపస్వరం కొట్టొచ్చినట్టు వినిపించదు. దానికి తోడు పింగళి నాగేంద్రరావు పల్లవి ఎత్తుగడలో వాడిన అక్షరాల్లో ల, హ, ర తప్ప గాలిని అడ్డగించే కచటతపలు లేవు, చివర 'లో' అన్న దీర్ఘం మీద గొంతు ఎంతసేపైనా నిలబడవచ్చు. రాగం పేరు తెలియని మనిషి కూడా గిన్నెలు తోముకుంటూ ఈ పాట పాడుకోగలగడానికి కారణం ఈ సదుపాయమే తప్ప రాగానికున్న శాస్త్రీయ హోదా కాదు.

1961 నాటి 'జగదేకవీరుని కథ' కోసం సంగీత దర్శకుడు పెండ్యాల దర్బారీ కానడ రాగంలో కట్టిన 'శివశంకరీ' ఇందుకు భిన్నమైన దారిలో నిలిచింది. ఆ పాట ఎత్తుకుంటే భోజనాల దగ్గర గోల కూడా సద్దుమణుగుతుంది గానీ, ఇంటికి వెళ్తూ దాన్ని పూర్తిగా కూనిరాగం తీయగలిగేవారు అరుదు. పాడుకునే పాట ఒకటి, చెవి అప్పగించి వినే పాట మరొకటి. రెండూ దశాబ్దాలు దాటగలవు. నా అనుభవంలో మాత్రం మొదటి రకానికే ఆయుష్షు గట్టిది, ఎందుకంటే దాన్ని నిలబెట్టడానికి గొప్ప గాయకుడు అక్కర్లేదు.

అపోహ: నెమ్మదిగా సాగే మెలొడీలే నిలుస్తాయి, దరువు పాటలు సీజను దాటవు.

వాస్తవం: ఉత్తరాంధ్రలో ఉండి ఈ మాట అనడం నాకు వింతగా తోస్తుంది. పార్వతీపురం ప్రాంతానికి చెందిన వంగపండు ప్రసాదరావు కట్టిన 'ఏం పిల్లడో' పాట ఉద్యమ సభల్లో పుట్టి, 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాలోకి వెళ్లి, ఆ రాజకీయాలతో సంబంధం లేని పెళ్లి ఊరేగింపుల్లోకి కూడా వచ్చేసింది. తప్పెటగుళ్ల ఆట చూసినవారికి తెలుస్తుంది, ఈ నేల పాటలకు అడుగే ప్రాణం. కాలికి పట్టుబడిన నడకను మనసు అంత తొందరగా వదలదు. ఎల్.ఆర్. ఈశ్వరి 1960, 70 దశకాల్లో పాడిన హుషారు పాటలను అప్పటి పెద్దలు చిన్నచూపు చూసి ఉండవచ్చు గానీ, ఈ రోజు వేదిక ముందు కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్నవారిని లేపడానికి మేము ఆశ్రయించేది వాటినే.

అపోహ: పాట గొప్పదైతే చాలు, దానంతటదే నిలుస్తుంది.

వాస్తవం: పాటకు ఒక సందర్భం దొరకాలి. 1961లో వచ్చిన 'సీతారామ కల్యాణం'లో గాలి పెంచల నరసింహారావు సంగీతానికి సుశీల బృందంతో కలిసి పాడిన కల్యాణం పాట ఏటా శ్రీరామనవమి పందిళ్లలోనూ, తలంబ్రాల వేళ పెళ్లి మండపాల్లోనూ వినిపిస్తూనే ఉంది. ఆ సినిమా చూడనివారికి కూడా ఆ పాట కంఠతా వచ్చు. పండుగకో, పనికో, జోలకో ముడిపడిన పాటను ప్రతి తరమూ మళ్లీ వినక తప్పదు. 1957లో మొదలైన వివిధ భారతి వంటి రేడియో ప్రసారాలు చేసింది కూడా ఇలాంటి పనే. రోజూ వినగా వినగా పాట ఇంటి మనిషి అయింది. ఇంతకన్నా మంచి బాణీలు కొన్ని ఏ సందర్భమూ దొరకక రికార్డుల్లోనే ఉండిపోయాయని నేను నమ్ముతాను.

అపోహ: పాత రికార్డింగులో లోపాలెక్కువ, కొత్త దరువు జోడిస్తే పాట బాగుపడుతుంది.

వాస్తవం: 78 స్పీడు గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు; పొడవైన పాటను రెండు వైపులా విడగొట్టేవారు. ఆ ఇరుకులోనే పల్లవి వెంటనే నాటుకునేలా, చరణం దారి తప్పకుండా తిరిగి వచ్చేలా కట్టడం అలవాటైంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. గాయకులు, వాద్యకారులు ఒకే గదిలో కూడి ఒకేసారి పాడి వాయించడం వల్ల ఆ పాటల్లో కాలప్రమాణం గడియారంలా నడవదు; చరణం చివర గాయకుడు ఊపిరి తీసుకునేచోట డోలక్ అతనితోపాటు రవంత ఆగుతుంది, పల్లవి అందుకునేటప్పుడు రవంత ముందుకు దూకుతుంది. దాని మీద కీబోర్డు లూప్, అంటే ఒకే దరువు ఒకే వేగంతో తిరిగి తిరిగి మోగే ముక్క, వేసి చూడండి, రెండో చరణానికి వచ్చేసరికి గొంతు ఒక దారి, దరువు ఒక దారి అవుతాయి. అందుకే మా బృందంలో పాత పాటలకు లూప్ వాడం, తబలా మాస్టారినే నమ్ముకుంటాం.

అపోహ: అసలు శ్రుతిలో పాడకపోతే పాట చెడుతుంది.

వాస్తవం: శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు. హార్మోనియం మెట్ల లెక్కలో మగవారికి ఒకటి, ఒకటిన్నర, ఆడవారికి ఐదు, ఐదున్నర శ్రుతులు సాధారణంగా సుఖంగా ఉంటాయి. యుగళగీతంలో ఇద్దరూ ఒకే శ్రుతికి ఒదగాలి గనుక చిక్కంతా అక్కడే వస్తుంది. అమ్మాయికి తారస్థాయి అందడం లేదని శ్రుతి దించితే అబ్బాయి గొంతు మంద్రంలో పాతాళానికి దిగుతుంది. అలాంటప్పుడు అర శ్రుతి మాత్రమే దించి, ఆమె అందుకోలేని ఒక్క సంగతిని, అంటే స్వరాల విరుపును, సూటి స్వరంగా మార్చి పాడిస్తాం. శ్రోతల్లో నూటికి తొంభై తొమ్మిది మంది గమనించరు. ఘంటసాలను అనుకరించబోయి గొంతు బరువుగా చేసుకునే కుర్రవాళ్లకు మాత్రం, 'బాబూ, నీ గొంతుతోనే పాడు' అని చెప్పక తప్పడం లేదు.

అపోహ: పాత పాట ఎవరి సొత్తూ కాదు, ఎలాగైనా వాడుకోవచ్చు.

వాస్తవం: మన చట్టం ప్రకారం రికార్డుకు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు, సాహిత్యానికీ బాణీకీ వాటి కర్త మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. ఘంటసాల 1974లో మరణించారు కాబట్టి ఆయన బాణీలపై హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ, మతపరమైన ఉత్సవాలకూ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టి చేసే కచేరీకి ఆ వెసులుబాటు లేదు.

అపోహ: ఈ తరం పిల్లలకు పాత పాటలు పట్టవు.

వాస్తవం: 'పాత' అన్న గీత ఎప్పటికప్పుడు జరుగుతూ ఉంటుంది. ఇళయరాజా సంగీతం వచ్చిన కొత్తలో దాన్ని హోరుగా భావించినవారు ఉన్నారు; 1989 నాటి 'గీతాంజలి' పాటలను ఇప్పుడు కళాశాల పిల్లలే 'ఓల్డ్ మెలొడీ' అని చీటీ మీద రాసి పంపుతున్నారు. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన 'పాడుతా తీయగా' వంటి కార్యక్రమాల పుణ్యమా అని ఆ పిల్లల్లో చాలామంది తాము పుట్టకముందు వచ్చిన పాటలను సంగతులతో సహా నేర్చుకుని వస్తున్నారు. వారికి పట్టనిది పాట కాదు, దాని ముందు మేము ఇచ్చే పొడవైన ఉపోద్ఘాతం. దాన్ని తగ్గించి నేరుగా పల్లవి ఎత్తుకున్న రోజున చీటీలు రెట్టింపు వస్తాయి.