పలక పట్టిన చోట మొదలైన పోరాటం, హాస్టల్ గదిలో మొదటి గ్లాసు

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, తెచ్చిన కూలి డబ్బు సారా దుకాణానికి ఎట్లా పోతోందో మాట్లాడుకున్నారు. ఆ మాటలే 1992లో సారా వ్యతిరేక ఉద్యమమయ్యాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు.

విశాఖ కాలేజీ పిల్లల తాగుడు గురించి చెప్పాలన్నా ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. చదువు దగ్గర పుట్టిన పోరాటం అది. ఇప్పుడు ఎంతోమంది పిల్లల చేతికి మొదటి గ్లాసు అందేది కూడా చదువుకోడానికి వచ్చిన చోటే.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. చాలాకాలం విశాఖలో పెద్ద చదువంటే అదే. తర్వాత మధురవాడ, రుషికొండ, గాజువాక వైపు ప్రైవేటు కాలేజీలు లేచాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లలు వచ్చారు. వాళ్లలో చాలామంది ఇంటర్ రెండేళ్లూ గేటు దాటనివ్వని రెసిడెన్షియల్ కాలేజీల్లో గడిపినవాళ్లే. పదిహేడో ఏట ఒక్కసారిగా ఎంవీపీ కాలనీలోనో మద్దిలపాలెంలోనో ఓ గది, చేతిలో ఫోన్‌పే, అడిగేవాళ్లు లేరు. ఈ మార్పుకి పిల్లల్ని ఎవరూ సిద్ధం చెయ్యలేదు. నా దృష్టిలో అసలు లోపం అక్కడే ఉంది.

పుట్టినరోజు రాత్రి పన్నెండు. కేకు కోశాక కూల్‌డ్రింక్ సీసాలో కలిపిన మందు స్టీలు గ్లాసుల్లోకి వస్తుంది. "ఒక్క పెగ్గే కదరా, ఏటవుద్ది?" అంటాడు సీనియర్. వద్దన్నవాడు ఆ గదిలో ఒంటరి.

2019 అక్టోబరులో మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతికొచ్చాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువాళ్లకు వెళ్లాయి. రెండుసార్లూ గొడవంతా ధరలు, బ్రాండ్లు, ఖజానా చుట్టూనే. మన రాష్ట్రంలో 21 ఏళ్లలోపు వారికి మద్యం అమ్మకూడదు. ఆ లెక్కన బీటెక్ మూడో ఏడు దాకా చాలామందికి సీసా అందకూడదు. కానీ గదికి ఒక్క సీనియర్ ఉంటే చాలు.

కాలేజీలు మాత్రం దొరికితే సస్పెండ్ చేస్తామంటాయి. ఆ భయంతోనే పిల్లలు పడిపోయినవాణ్ణి పడుకోబెట్టి తలుపేసేస్తారు. సాయానికి ఫోన్ చేసినవాళ్ల మీద చర్య ఉండదని ప్రతి హాస్టల్ గోడ మీదా రాసిపెట్టాలి. తాగుడు మానలేకపోతున్నవాళ్లకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మనసు విప్పి మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా చెయ్యొచ్చు.

తాగి పడిపోయినవాడు లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిస్తే నిద్రపోతున్నాడని వదిలెయ్యకూడదు. వెల్లకిలా పడుకుంటే వాంతి గొంతుకి అడ్డం పడుతుంది. పక్కకి తిప్పి, వెంటనే 108కి చేసి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే కూర్చోవాలి.