తొట్టి, తూము, గుడ్డపీలిక

చిన్నీకి, నానీకి,

మొన్న ఫోన్లో చిన్నీ అడిగిన ప్రశ్న ఇంకా నా చెవిలోనే ఉంది. "తాతయ్యా, ఏటికేడు ఎండలు ముదిరిపోతున్నాయి కదా, సూర్యుడు మనకి దగ్గరగా జరుగుతున్నాడా?" అని అడిగింది. వెనకనుంచి నానీ నవ్వడం కూడా వినిపించింది. నానీ, అది నవ్వాల్సిన ప్రశ్న కాదురా. ఎవరికైనా ముందు అనుమానం పోయేది సూర్యుడి మీదకే. ఫోన్లో తేలే సంగతి కాదు గనక ఉత్తరం రాస్తున్నాను.

ముందు దూరం సంగతి చెప్పేస్తాను. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది జనవరి మొదటివారంలో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులైలో 15.2 కోట్లు. అంటే భూగోళం ఉత్తర సగంలో అందరూ చలికి ముడుచుకుని ఉన్నప్పుడే సూర్యుడు దగ్గరగా ఉంటాడన్నమాట! ఎండాకాలం, చలికాలం వచ్చేది భూమి కాస్త పక్కకి ఒరిగి తిరుగుతోంది గనక. దూరం వల్ల కాదు. మరి ఏటికేడు వేడి పెరగడం ఎందుకు? అది చెప్పాలంటే మిమ్మల్ని నా చిన్నప్పటి తొట్టి దగ్గరకి తీసుకెళ్ళాలి.

మా పెరట్లో ఒక సిమెంటు తొట్టి ఉండేది. పైన కుళాయి, అడుగున గోడకి బొటనవేలు పట్టేంత తూము. కుళాయి ఎప్పుడూ సన్నగా కారుతూ ఉండేది, తూములోంచి నీళ్ళు మొక్కల పాదుల్లోకి పోతూ ఉండేవి. వచ్చేవీ పోయేవీ సమానం కాబట్టి నీటిమట్టం ఎప్పుడు చూసినా నా మోకాలెత్తునే నిలబడేది. ఆ ఎత్తున గోడకి పాచిగీత కట్టి ఉండేది.

ఒక సెలవురోజు ఏమీ తోచక తూములో గుడ్డపీలిక దోపాను. పూర్తిగా మూయలేదు, ఓ పక్కకి కొంచెం అంతే. ధార సన్నబడింది. నీళ్ళు పాచిగీత దాటి పైకి పాకడం మొదలెట్టాయి. బొగ్గుముక్కతో గోడమీద గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. నిండి పొర్లుతుందనుకున్నాను గాని పొర్లలేదు, నా నడుమెత్తు దాకా వచ్చి ఆగింది. ఎందుకాగిందా అని వంగి తూము వైపు చూశాను. ఇందాక జానెడు దూరంలో పడ్డ ధార ఇప్పుడు జానెడున్నర దూరంలో పడుతోంది! మట్టం పెరిగిన కొద్దీ పైనీళ్ళ బరువు కిందినీళ్ళని గట్టిగా తోస్తుంది. ఆ తోపుకి సన్నటి సందులోంచే మళ్ళీ వచ్చినన్ని నీళ్ళూ పోవడం మొదలైంది. లెక్క మళ్ళీ సరిపోయింది, కాకపోతే కొత్త ఎత్తులో.

భూమి కూడా అలాంటి తొట్టే. కుళాయి సూర్యుడు, మట్టం భూమి వెచ్చదనం. భూమి తన ఒంటివేడిని కంటికి కనపడని కిరణాలుగా రాత్రీ పగలూ ఆకాశంలోకి వదులుతూనే ఉంటుంది. అదే తూము. ఒళ్ళు వేడెక్కిన కొద్దీ ఎక్కువ వదులుతుంది, అచ్చం మట్టం పెరిగితే ధార విసురు పెరిగినట్టు.

ఈ తూములో గుడ్డపీలిక మొదట్నుంచీ కొంత ఉంది. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వాయువులు బయటికి పోయే వేడిని కొంత పట్టి ఆపుతాయి. అవే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకి 18 డిగ్రీలు కింద ఉండేది. ఉన్నాయి గనకే 15 డిగ్రీల దగ్గర ఉంది. చందమామ కూడా సూర్యుడికి మనంత దూరంలోనే ఉన్నాడు. గాలి లేక అక్కడ పగలు 100 డిగ్రీలు దాటుతుంది, రాత్రి సున్నాకి 100 డిగ్రీల కిందకి పడిపోతుంది. కాబట్టి గుడ్డపీలిక చెడ్డదని అనుకోకండి. ఎంత కుక్కామన్నదే అసలు ప్రశ్న.

మట్టం మారడానికి వేరే దారులూ ఉన్నాయి. కుళాయి కింద రేకు అడ్డం పెడితే కొన్ని నీళ్ళు బయటికి చిందిపోతాయి కదా? మంచు, మేఘాలు చేసే పని అదే, ఎండని తిప్పి కొడతాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు ఆకాశంలో చాలా ఎత్తుకి పోయిన పొగమంచు లాంటి పొర ఎండని అడ్డుకుని, భూమిని ఒకటి రెండేళ్ళపాటు అర డిగ్రీ దాకా చల్లబరిచింది. భూమి ఒరుగు, అది సూర్యుడి చుట్టూ తిరిగే దారి కూడా వేల ఏళ్ళ మీద నెమ్మదిగా మారుతుంటాయి. మంచుయుగాలు వచ్చిపోవడానికి తొలి కదలిక అక్కడినుంచే. 20,000 ఏళ్ళ కిందట భూమి సగటున ఇప్పటికన్నా 5, 6 డిగ్రీలే చల్లగా ఉండేది. అంతమాత్రానికే సముద్రం 120 మీటర్లు కిందకి దిగిపోయింది, ఆ నీరంతా నేలమీద మంచుగా పేరుకుంది. టీవీలో "ఒక డిగ్రీ పెరిగింది" అంటే ఇంతేనా అనుకోకండి.

ఇక చిన్నీ అనుమానం. కుళాయే ఎక్కువ తిప్పారేమో? 1978 నుంచీ ఉపగ్రహాలు సూర్యుణ్ణి కొలుస్తూనే ఉన్నాయి. పదకొండేళ్ళకోసారి కాస్త హెచ్చుతగ్గులవుతాయి తప్ప ధార పెరగలేదు. ఇంకో గుర్తు కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైంది. సూర్యుడే కారణమైతే కిందిగాలీ పైగాలీ రెండూ వేడెక్కాలి. కొలిచి చూస్తే మనం ఉండే గాలి వేడెక్కుతోంది, చాలా పైన ఉండే స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. అంటే మార్పు వచ్చింది తూము దగ్గర.

నానీ, నువ్వో మాటన్నావు గుర్తుందా? "గాలిలో కార్బన్ డయాక్సైడ్ 10,000 పాళ్ళలో 4 పాళ్ళేగా, అదేం చేస్తుంది?" అని. తొట్టెడు నీళ్ళ ముందు నా గుడ్డపీలిక ఎంతరా? కానీ అది ఉన్నది తూములో! మిగతా గాలి దాదాపు అంతా నైట్రోజన్, ఆక్సిజన్. పోయే వేడికి అవి అడ్డం రావు. అడ్డమొచ్చే ఆ కాస్తనే మనం లెక్కపెట్టాలి.

దీన్ని మొదట పట్టుకున్నవాళ్ళలో యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ ఒకరు. 1856లో గాజుగొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి, ఒకదాంట్లో మామూలు గాలి, ఇంకోదాంట్లో కార్బన్ డయాక్సైడ్ నింపి ఎండలో ఉంచింది. రెండోది ఎక్కువ వేడెక్కింది, నీడలోకి తెచ్చాక చల్లారడానికీ చాలాసేపు పట్టింది. గాలిలో ఈ వాయువు ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని ఆవిడ అప్పుడే రాసింది. మూడేళ్ళకి జాన్ టిండల్ అనే శాస్త్రవేత్త, ఈ వాయువు పట్టేది కనపడని వేడికిరణాలనేనని కొలిచి చూపించాడు.

గుడ్డపీలిక ఎక్కడినుంచి వచ్చిందంటారా? బొగ్గు చాలామటుకు 30 కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు. అవి గాలిలోంచి తీసుకుని మట్టికింద దాచుకున్న కార్బన్‌ని మనం తవ్వి కాలుస్తున్నాం. చమురు, గ్యాస్ కూడా ఎప్పటివో జీవులు దాచుకున్న కార్బనే. వీటివల్ల ఏటా సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతోంది. అంటార్కిటికా మంచులో 8 లక్షల ఏళ్ళనాటి గాలి బుడగలు చిక్కుకుని ఉన్నాయి. అంత కాలంలోనూ ఈ వాయువు 10 లక్షల పాళ్ళలో 300 దాటి పెద్దగా పోలేదు. ఇప్పుడు 420 దాటింది.

ఆ పెరుగుదలని కళ్ళకి కట్టినవాడు చార్లెస్ కీలింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త. 1958లో హవాయి దీవుల్లో మౌనా లోవా కొండమీద కొలవడం మొదలెట్టాడు, అప్పుడు 315. ఆ గీత బొమ్మ దొరికితే దగ్గరగా పెట్టుకుని చూడండి. తిన్నగా ఎక్కదు, రంపపు పళ్ళలా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో అడవులు ఎక్కువ. అవి చిగిర్చి ఆకులేసే నెలల్లో గీత కిందకి దిగుతుంది, ఆకులు రాలి కుళ్ళే నెలల్లో పైకి లేస్తుంది. భూమి ఏడాదికోసారి ఊపిరి తీసి వదులుతోందిరా! అది మొదటిసారి చూసిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. ఆ ఊపిరి అలాగే ఉంది, కానీ ప్రతి ఏడూ ముందు ఏటికన్నా ఓ మెట్టు పైన.

తొట్టి కథ ఇంకా మిగిలి ఉంది. ఆ సాయంత్రం నేను ఆటల్లో పడి గుడ్డ సంగతి మర్చిపోయాను. పాచిగీతకి పైన గోడకో బీట ఉందని ఇంట్లో ఎవరికీ తెలీదు, నీళ్ళెప్పుడూ అంత ఎత్తుకి రాలేదు గనక. తెల్లారేసరికి దాంట్లోంచి నీళ్ళు ఊరి, కింద మా అమ్మ పోసుకున్న నారుమడి బురదైపోయింది. అమ్మ తిట్టలేదు. "నీళ్ళు ఇక్కడిదాకా రావనే ఇక్కడ పోశాన్రా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మనుషులంతా అలాగే, పదివేల ఏళ్ళుగా పెద్దగా కదలని పాచిగీతని నమ్ముకుని పొలాలు వేసుకున్నారు, రేవులు కట్టుకున్నారు. 2024లో భూమి సగటు వేడి, 1850-1900 నాటికన్నా సుమారు ఒకటిన్నర డిగ్రీ పైన ఉంది. డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, అందుకే కురిస్తే కుంభవృష్టిగా కురుస్తోంది. అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోతోంది. నేను నా గుడ్డని ఒక్క లాగుతో తీసేశాను. ఇది అలా రాదు, గాలిలో చేరిన దాంట్లో కొంత వేల ఏళ్ళు ఉండిపోతుంది. అయినా కొత్తగా కుక్కడం పూర్తిగా ఆపేస్తే మట్టం ఇంకా పెరగడం దాదాపు ఆగుతుందని లెక్కలు చెబుతున్నాయి. అందుకే ఇప్పుడు ఆపే ప్రతి పీలికా లెక్కలోకి వస్తుంది. ఇది మీకు టెన్షన్ పెట్టడానికి రాయడం లేదు. దాపరికం లేకుండా చెప్పాలనిపించింది.

ఇప్పుడు మీకో పని. గాలి పెద్దగా లేని రోజుల్లో, ఒకటి చుక్కలు నిండిన రాత్రి, ఒకటి మబ్బు కమ్మిన రాత్రి ఎంచుకోండి. ఆరుబయట, నేలకి జానెడు ఎత్తున థర్మామీటరు కట్టండి. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూసి రాసుకోండి. మబ్బు కూడా ఆ ఒక్క రాత్రికి తూములో గుడ్డే. ఏ రాత్రి ఎంత దిగిందో నాకు రాయండి. చిన్నీ అంకెలు చూడాలి, నానీ టార్చి పట్టుకోవాలి.

మీ తాతయ్య