కోబోల్డ్‌ని ఎవరు కోరుకుంటారు?

కోబోల్డ్ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోని బల్లిలాంటి చిన్న జీవి. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు ఒక్కో పాత్రగా మారి పాచికలు వేస్తూ ఆడే ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా ఊళ్లో మొదలైంది. అప్పట్లో ఆటగాడి ముందున్న జాతులు నాలుగే: మనిషి, డ్వార్ఫ్ (మరుగుజ్జు), ఎల్ఫ్ (సన్నటి, మొనదేలిన చెవుల జీవి), హాబిట్ (పొట్టి మనిషిలాంటి జీవి). మనుషులు కానివాళ్ల ఎదుగుదలకు హద్దు ఉండేది. యోధుడిగా డ్వార్ఫ్ 6వ లెవెల్ (ఎదుగుదల మెట్టు) దాటడు, హాబిట్ 4వ లెవెల్ దాటడు. అయినా బలహీనంగా మొదలై మెల్లగా ఎదిగేటట్టయితే దాదాపు ఏ ప్రాణిగానైనా ఆడొచ్చని ఆ మొదటి పుస్తకంలోనే రాసి ఉంది. ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1979 నాటికి దీనికి ఎదురు వాదించారు: రాక్షస పాత్ర అడిగేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది బలమేనని.

బలం మాట లెక్కలో ఎంతవరకు నిలుస్తుందో చూడాలి. 2014 నిబంధనల్లో 27 పాయింట్లతో పాత్రను కడితే ఏ సామర్థ్యమూ 15 దాటదు. ఆపైన జాతి ఇచ్చే అంకె కలుస్తుంది. మాంత్రికుడికి ముఖ్యం తెలివి. గ్నోమ్ అనే పొట్టి జాతికి తెలివిలో 2 కలిసి 17 అవుతుంది, అంటే పాచికకు 3 చేరుతుంది. సగం మనిషి, సగం ఆర్క్ అనే రాక్షసుడైన హాఫ్-ఆర్క్‌కు అది 15 దగ్గరే ఆగుతుంది, పాచికకు 2 మాత్రమే. తేడా ఒక్క అంకె. ఇరవై ముఖాల పాచిక మీద ఒక్క అంకె అంటే 5 శాతం, అంటే ఇరవై దాడుల్లో ఒకటి. ఆ ఒక్కటి వదులుకుని హాఫ్-ఆర్క్ మాంత్రికుణ్ణి తెచ్చుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 2024 పుస్తకం ఆ అంకెలను జాతి నుంచి తీసేసి పాత్ర పాత వృత్తి, నేపథ్యానికి కలిపింది కాబట్టి ఇప్పుడా నష్టం కూడా లేదు.

బలం కాకపోతే మరేమిటి? 2007లో కార్నెగీ మెలన్ పరిశోధకులు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్లను అడిగి చూశారు. ఆటగాళ్లు తమకంటే తమ పాత్రలనే తాము కావాలనుకునే మనిషికి దగ్గరగా లెక్కకట్టారు. మానసికంగా కుంగి ఉన్నవాళ్లలో ఈ అంతరం ఇంకా ఎక్కువ. అదే ఏడాది నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అనే పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు: వర్చువల్ లోకంలో పొడుగు శరీరం దొరికినవాళ్లు డబ్బు పంపకంలో మరింత గట్టిగా బేరమాడారు. రెండూ తెర మీది బొమ్మల గురించినవే. పొడుగ్గా, అందంగా ఉండే ఎల్ఫ్‌ను ఎందుకు కోరుకుంటారో వీటితో కొంత అర్థమవుతుంది. మూడడుగులు కూడా లేని, అందరూ ఈసడించే కోబోల్డ్‌ను ఎందుకు కోరుకుంటారో మాత్రం అర్థం కాదు.

జవాబు కోబోల్డ్ నిబంధనల్లోనే దొరుకుతుంది. 2016 నాటి రూపంలో దానికి శారీరక బలం 2 తక్కువ. శత్రువుకు 5 అడుగుల లోపు తన తోటివాడుంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. నేరుగా ఎండ పడితే రెండు వేసి చిన్నది తీసుకోవాలి. తగలడానికి 11 కావాలనుకుంటే మామూలుగా 50 శాతం అవకాశం. తోటివాడుంటే 75, ఎండలో ఒంటరిగా ఉంటే 25. ఎండలో తోటివాడు కూడా ఉంటే రెండూ కొట్టుకుపోయి మళ్లీ 50. అందుకే ఆ ఆటగాడు నటన నేర్చుకోకుండానే నీడ వెతుకుతాడు, స్నేహితుణ్ణి అంటిపెట్టుకుంటాడు, ఒంటరైతే పారిపోతాడు. పాత్ర స్వభావం పాచికలోనే ఉంది. మనిషి పాత్రకు ఇలాంటి ఆసరా ఉండదు, స్వభావం మొత్తం ఆటగాడే కల్పించుకోవాలి. కొత్తవాళ్లకు మనిషి పాత్రే సులువని చెప్పడం అందుకే తప్పుడు సలహా అని మా అభిప్రాయం. బలం తగ్గింపును 2020లో, మిగతా రెండు నియమాలనూ 2022లో తీసేశారు. ఆడటం తేలికైంది, కానీ కోబోల్డ్ రుచి తగ్గింది.

ఇబ్బందులు వచ్చేదీ ఇక్కడే. పాత నిబంధనల్లో కెంకు అనే కాకిలాంటి జీవి విన్న శబ్దాలను అనుకరించగలదే తప్ప సొంతంగా మాట్లాడలేదు. ఆటగాడు ప్రతి మాటకూ అనుకరణ చేయబోతే బేరసారాల ఘట్టం అక్కడే ఆగిపోతుంది. “నాణేల గలగల, తర్వాత తలుపు మూసిన చప్పుడు చేస్తాను” అని వర్ణించి, మిగతావాళ్లకు అర్థమైపోయిందని ఒప్పుకుంటే ఆట సాగుతుంది. ఆరకోక్రా అనే పక్షి జాతి 2015 నిబంధనల్లో మొదటి లెవెల్‌లోనే ఒక వంతులో 50 అడుగులు ఎగురుతుంది. లాంగ్‌బో అనే పొడుగాటి విల్లు 150 అడుగుల దాకా ఇబ్బంది లేకుండా తగులుతుంది కాబట్టి, అది చేతికిస్తే నేల మీది తోడేళ్లు ఏమీ చేయలేవు. దీనికి ఎగరడాన్ని నిషేధించనక్కర్లేదు. పైకప్పు తక్కువగా ఉన్న గుహలు, విల్లు పట్టిన గోబ్లిన్లు (చిన్న రాక్షసులు) చాలు. గాలిలో కదలిక ఆగిపోతే పడిపోతుంది. పది అడుగులకు ఒక ఆరు ముఖాల పాచిక చొప్పున దెబ్బ, అంటే 30 అడుగుల నుంచి పడితే సగటున 10.5. మొదటి లెవెల్ మాంత్రికుడు స్పృహ తప్పడానికి అది సరిపోతుంది.

ఇన్ని జాతులు వచ్చినా, 2017లో పాత్రలు తయారుచేసుకునే ఆన్‌లైన్ వేదిక డి అండ్ డి బియాండ్ సమాచారంలో దాదాపు నాలుగో వంతు పాత్రలు మనుషులవే. వింతకు ఆ నేపథ్యం అవసరం కూడా. ఐదుగురూ వింత జీవులే అయితే ఊరివాళ్లు ఎవర్ని చూసి బెదరాలో తేలదు, ఏ ఒక్కరి వింతకూ కథలో చోటు దొరకదు. కాబట్టి మొదటి పాచిక పడకముందే ఆట నడిపే డంజన్ మాస్టర్ రెండు సంగతులు తేల్చుకోవాలి: ఈ ఊళ్లో మీ జాతివాళ్లను ఇంతకుముందు ఎవరైనా చూశారా, చూసి ఉంటే తలుపు తీస్తారా వేస్తారా. ప్రతి ఊళ్లోనూ తలుపులు మూసుకుంటుంటే ఆటగాడు మూడో సెషన్‌కే విసిగిపోతాడు. వెలివేత కథ ఆ ఆటగాడు కోరుకున్నదో కాదో ముందే అడిగి తెలుసుకోవాలి.